తుఫాను ఒకటే, అడిగేదెవరు?

(మస్కట్‌లో తెలుగువారి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



2021 సెప్టెంబరు 26న గులాబ్ తుఫాను కళింగపట్నం దగ్గర తీరం దాటింది. మన ఉత్తరాంధ్రను ముంచి, తెలంగాణ మీదుగా పడమటికి సాగి, బలహీనపడి, అరేబియా సముద్రం చేరాక షాహీన్ అనే కొత్త పేరుతో మళ్ళీ లేచింది. అక్టోబరు 3న మన పక్కనే ఉన్న బాతినా తీరాన్ని ముసన్నా, సువేక్ మధ్య తాకింది. ఊళ్ళో ఇల్లు, ఇక్కడ పని చోటు వారం తేడాతో ఒకే తుఫాను దారిలో పడ్డాయి.

ఆ నెలాఖరునే గ్లాస్గోలో ఐక్యరాజ్య సమితి వాతావరణ సదస్సు మొదలయింది. ఈ సంగతి అక్కడ అడగడానికి ఒక శ్రీకాకుళం విలేకరి ఉంటే బాగుండుననిపించింది. 2023లో సదస్సు దుబాయ్‌కే వచ్చింది. మనకు కారులో ఒక పూట ప్రయాణం. నాకు తెలిసిన ఒక మండల విలేకరి వస్తానన్నాడు. దరఖాస్తు పని నేను చూస్తానన్నాను.

ప్రెస్ బ్యాడ్జీ ఆతిథ్య దేశం ఇస్తుందని మనలో చాలామంది అనుకుంటారు. కాదు. జర్మనీలోని బాన్ నగరంలో ఉన్న ఐరాస వాతావరణ సచివాలయం ఇస్తుంది. దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. ముఖ్యంగా అడిగేవి మూడు: ఫోటో ఉన్న గుర్తింపు పత్రం, చెల్లుబాటులో ఉన్న ప్రెస్ కార్డు, పత్రిక లెటర్‌హెడ్ మీద సంపాదకుడి సంతకంతో "వీరిని మా తరఫున పంపుతున్నాం" అనే ఉత్తరం. ఫ్రీలాన్సర్ అయినా ఏదో ఒక పత్రిక నుంచి ఆ ఉత్తరం తేవలసిందే. బ్యాడ్జీ వచ్చినా వీసా సంగతి వేరు, ఖర్చులు వేరు.

మావాడికి పాస్‌పోర్టు ఉంది, కార్డు ఉంది. ఉత్తరం మాత్రం రాలేదు. "ఏజెన్సీ వార్తలు వస్తాయి, నువ్వెందుకు అంటున్నారన్నా" అని ఫోను చేశాడు. అంటే అతను ఆగింది ఐరాస గేటు దగ్గర కాదు, సొంత పత్రిక డెస్కు దగ్గర.

దుబాయ్ సదస్సు మొదటి రోజే, 2023 నవంబరు 30న, వాతావరణ నష్టాల నిధిని అమల్లోకి తెచ్చే నిర్ణయం జరిగింది. ఏజెన్సీ వార్త అంతవరకు చెబుతుంది. అందులో కళింగపట్నం జాలరికి ఏమైనా ఉందా అని మంత్రిని ఆపి అడగదు. ముఖ్య సమావేశాలు ఇంట్లో కూర్చుని వెబ్‌లో చూడవచ్చు. ప్రశ్న అడగాలంటే మాత్రం బ్యాడ్జీ కావాలి.

అప్పుడు మనలో ఒకరు "మన వేదిక పత్రిక పేరుతో పెట్టేద్దాం" అన్నారు. నేను ఒప్పుకోలేదు. మనం ఒక పక్షం తరఫున మాట్లాడేవాళ్ళం. అలాంటి సంస్థలకు పరిశీలక హోదా అని వేరే దారి ఉంది. పైగా ఒమాన్‌లో అనుమతి లేకుండా పత్రికా పని చేస్తే చిక్కులు తప్పవు.

నా తప్పు కూడా ఒకటుంది. టికెట్టు నేను కొంటానన్నాను. రాజకీయ వేదిక మనిషి డబ్బుతో వచ్చిన విలేకరి రాసింది ఎవరు నమ్ముతారు? సక్రమమైన దారి ఫెలోషిప్. ఎర్త్ జర్నలిజం నెట్‌వర్క్ వంటి సంస్థలు వర్ధమాన దేశాల విలేకరులను పోటీ మీద ఎంపిక చేసి, ప్రయాణం, బస భరించి ఈ సదస్సులకు తీసుకువెళ్ళాయి.

కనుక నా మనవి ఇదే. మీరు చదివే తెలుగు పత్రిక సంపాదకునికి ఒక ఉత్తరం రాయండి. తీరప్రాంత విలేకరి ఒక్కరికి లెటర్‌హెడ్ మీద నాలుగు వాక్యాలు ఇవ్వమనండి. ఆ కాగితానికి ఖర్చేమీ లేదు. మీ ఊరి విలేకరికి ఫెలోషిప్ ప్రకటనలు సకాలంలో అందేలా చూడండి. అతను ఏం రాయాలన్నది మాత్రం అతనికే వదిలేద్దాం.

దుబాయ్ తర్వాత బాకూ, బెలేం సదస్సులు కూడా అయిపోయాయి. తుఫానుకు మన రెండు తీరాలకూ దారి తెలుసు. మన విలేకరికి ఒక్క హాలుకు దారి చూపలేమా?