సీటు వచ్చింది సరే, నాలుగేళ్ల లెక్క చూశామా?

(పదో తరగతి, ఇంటర్ విద్యార్థుల తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

ప్రతి ఏటా ఫలితాల కాలంలో మన ఇళ్లలో ఒకే ప్రశ్న వినిపిస్తుంది: "ఏ కాలేజీలో సీటు వచ్చింది?" ఆ కాలేజీలో చదువు పూర్తయ్యేసరికి మన చేతి నుంచి ఎంత ఖర్చవుతుందన్న రెండో ప్రశ్నను మాత్రం మనం వేసుకోవడం లేదు. ఆ లోపానికి మూల్యం చెల్లిస్తున్నది మన పిల్లలే. అందుకే ఈనాడు తెలంగాణలోని కళాశాలల ఖర్చును గురించి లెక్కలతోనే మాట్లాడదలచాము.

ఒకే రాష్ట్రం, ఒకే ప్రవేశ పరీక్ష, ఒకే బి.టెక్. పట్టా. అయినా 2022-25 కాలపరిమితికి నిర్ణయించిన ప్రైవేటు ఇంజినీరింగ్ రుసుములను చూస్తే, కన్వీనర్ కోటాలోనే కనిష్ఠం 45 వేలు, గరిష్ఠం లక్షా 60 వేల రూపాయలు. పదివేల లోపు ర్యాంకు వచ్చిన అర్హులకు ప్రభుత్వం పూర్తి రుసుము చెల్లిస్తుంది. ఆ పై ర్యాంకు వచ్చిన మైనారిటీ విద్యార్థికి సాధారణంగా దక్కేది ఏడాదికి 35 వేలు మాత్రమే. మిగిలినది తల్లిదండ్రుల మీద పడుతుంది.

ఇప్పుడు లెక్క వేద్దాం. 45 వేల కళాశాలలో మనం కట్టవలసినది ఏడాదికి 10 వేలు, నాలుగేళ్లకు 40 వేలు. లక్ష రూపాయల కళాశాలలో ఏడాదికి 65 వేలు, నాలుగేళ్లకు 2 లక్షల 60 వేలు. లక్షా 60 వేల కళాశాలలో నాలుగేళ్లకు అక్షరాలా 5 లక్షలు. ఇది బోధనా రుసుము ఒక్కటే. హాస్టలు, పుస్తకాలు, పరీక్ష ఫీజులు, కాలేజీ బస్సు ఇందులో లేవు.

మాకు తెలిసిన ఒక ఆటో డ్రైవరు కుటుంబంలో అమ్మాయికి సీటు వచ్చిన రోజున మిఠాయిలు పంచారు. "ఫీజు ప్రభుత్వమే కడుతుంది" అని ఎవరో చెప్పిన మాటను నమ్మారు. రెండో సంవత్సరంలో తల్లి గాజులు తాకట్టులోకి వెళ్లాయి. మూడో సంవత్సరంలో తమ్ముడి చదువు ఆగింది. వడ్డీని హరామ్‌గా భావించే ఇల్లు వడ్డీ వ్యాపారి గుమ్మం ముందు నిలబడవలసి వచ్చింది. ఆ అమ్మాయి తెలివిలో లోపం లేదు, తండ్రి ప్రేమలో లోపం లేదు. వెబ్ ఆప్షన్లు పెట్టే ముందు ఒక కాగితం మీద లెక్క వేసిచ్చినవారే వారికి లేకపోయారు.

కాబట్టి కొన్ని విషయాలను గుర్తుంచుకోవాలని కోరుతున్నాము.

మొదటిది, యాజమాన్య కోటాలోనో స్పాట్ అడ్మిషన్‌లోనో చేరితే ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తించదు. చివరి నిమిషంలో దొరికిన సీటు అన్నిటికన్నా ఖరీదైన సీటు కావచ్చు. గ్రామాలలో లక్షన్నర, పట్టణాలలో రెండు లక్షల వార్షిక ఆదాయ పరిమితి ఉన్నది గనుక ఆదాయ ధ్రువపత్రాన్ని ముందే సిద్ధం చేసుకోవాలి. చేరిన తరువాత 75 శాతం హాజరు తప్పనిసరి.

రెండవది, ప్రభుత్వ విశ్వవిద్యాలయాల సొంత కళాశాలలను ముందు చూడండి. ఉస్మానియాలోనే కాదు, జగిత్యాల, మంథని వంటి చోట్ల జేఎన్‌టీయూ కళాశాలలు ఉన్నాయి. అయితే అక్కడ కూడా సెల్ఫ్ ఫైనాన్స్ కోర్సుల రుసుము వేరుగా ఉంటుంది, విచారించి చేరండి.

మూడవది, పదో తరగతి తరువాత పాలిసెట్ రాసి ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో మూడేళ్ల డిప్లొమా చేసినవారు ఈసెట్ ద్వారా నేరుగా బి.టెక్. రెండో సంవత్సరంలో చేరవచ్చు. కాలం అదే ఆరేళ్లు. ఇంటర్‌కు కార్పొరేట్ కాలేజీలకు పోసే డబ్బు మిగులుతుంది, బి.టెక్.లో ఒక ఏడాది రుసుము తగ్గుతుంది.

నాలుగవది, "దూరం, అమ్మాయిని పంపలేం" అంటూ దగ్గరలోని ఖరీదైన కాలేజీని ఎంచుకుంటున్నాము. 2023 డిసెంబరు నుంచి మహాలక్ష్మి పథకం కింద ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ బస్సులలో ఆడపిల్లల ప్రయాణం ఉచితం. నలుగురు అమ్మాయిలు కలిసి వెళ్లేలా మొహల్లా పెద్దలు ఏర్పాటు చేస్తే దూరం దగ్గరవుతుంది.

ఇక మన హక్కుల మాట. 2007 చట్టంతో వచ్చిన 4 శాతం బీసీ-ఇ రిజర్వేషన్ మనకు తలుపు తెరిచింది. కాని 35 వేల పరిమితి పదేళ్లకు పైగా కదలకపోగా రుసుములు పెరిగాయి. తెరిచిన తలుపును ఆ తేడా మళ్లీ మూస్తున్నది. పైగా రీయింబర్స్‌మెంట్ బకాయిలు పేరుకుపోయి, "ముందు మీరు కట్టండి" అంటూ కొన్ని యాజమాన్యాలు విద్యార్థుల ధ్రువపత్రాలను ఆపుతున్నాయి. అసలు ధ్రువపత్రాలను కళాశాల తన వద్ద ఉంచుకోరాదని యూజీసీ 2018 నోటిఫికేషన్ స్పష్టం చేసింది. ఇది మనం అడగవలసిన హక్కు, బతిమాలుకోవలసిన దయ కాదు. పరిమితిని పెంచాలని, బకాయిలను విడుదల చేయాలని ఒక్కొక్కరుగా కాక సంఘటితంగా వినతులు ఇవ్వాలి.

మసీదు కమిటీలకు ఒక మనవి. జుమా తరువాత ఒక గంటసేపు, కౌన్సెలింగ్ తెలిసిన ఇద్దరు యువకులను, ఇద్దరు యువతులను కూర్చోబెట్టండి. ప్రతి విద్యార్థి నాలుగేళ్ల లెక్క అక్కడే వేయించండి. అర్హులైన పేద విద్యార్థుల కొరకు జకాత్ నిధిలో భాగాన్ని కేటాయించండి. గాజులు తాకట్టు పడకముందే అందే సహాయం నిజమైన సహాయం.

పిల్లల్లారా, తక్కువ రుసుము ఉన్న కళాశాలలో చేరడం చిన్నతనం కాదు. అప్పు లేని పట్టాతో బయటికి వచ్చినవారు తమ చెల్లెలిని, తమ్ముడిని కూడా చదివించగలుగుతారు. ఈ ఏడు మన మొహల్లాలో ఏ ఒక్కరూ ఫీజు కారణంగా చదువు మానకుండా చూద్దాం. ఇన్షా అల్లాహ్, ఆ పని మన చేతుల్లోనే మొదలవుతుంది. వస్సలామ్.