మా ఊరి తప్పెటగుళ్ళ నామినల్ రోల్



జానపద కళల గురించి మాట్లాడమన్నారు. నేను ఇంటర్ వరకే చదివినవాణ్ణి. అన్ని కళల సంగతీ చెప్పలేను గానీ మా ఊరి తప్పెటగుళ్ళ జట్టు గురించి చెప్పగలను. మాది శ్రీకాకుళం జిల్లా.

గుండ్రని రేకు తప్పెటను గుండెలకు కట్టుకొని, కాళ్ళకు గజ్జెలు కట్టి, రెండు చేతులా వాయిస్తూ, పాడుతూ, గెంతుతూ ఆడే ఆట ఇది. ఉత్తరాంధ్రలో యాదవులు గంగమ్మ జాతరకూ, సంక్రాంతికీ ఆడతారు. మధ్యలో ఒకరి భుజాల మీద ఒకరెక్కి గోపురంలా నిలబడతారు. అప్పుడు కూడా వాయింపు ఆగకూడదు. కింది వరుసవాడి మోకాలు వణికితే పైవాడి నడుము విరుగుతుంది.

1987లో నేను భర్తీ అయ్యేనాటికి జట్టులో 18 మందిమి. నాది కింది వరుస. నేను వెళ్ళాక నా తప్పెట చిన్నాన్న కొడుకు కట్టుకున్నాడు. వాడు చెన్నైకి భవనాల పనికి పోతే ఇంకొకడు కట్టాడు. సెలవుకి వెళ్ళిన ప్రతిసారీ ఒకరిద్దరు కొత్త ముఖాలు కనిపించేవి. 2015లో నేను రిటైరై వెళ్ళేసరికి 9 మందే మిగిలారు. అందరూ నలభై దాటినవాళ్ళు. గోపురం ఎక్కేవాడు లేడు.

అప్పుడు వేరే కులాల బడిపిల్లల్ని కూడా చేర్చుకున్నాం. కొందరు పెద్దలకు నచ్చలేదు. పాట ఎత్తే మా పెదనాన్న మాత్రం "తప్పెట కట్టినోడే గొల్లోడురా" అని ఒక్క మాటతో తేల్చేశాడు.

అడుగులు ఆరు నెలల్లో వచ్చేశాయి. చిక్కంతా పాటతోనే. కృష్ణుడి పాటలు, సారంగధర, చెంచులక్ష్మి అన్నీ ఆయన నోట్లోనే ఉన్నాయి, రాసిన కాగితం లేదు. యూనిట్‌లో స్టోర్‌మన్ మారితే చెంచా దగ్గర్నుంచీ లెక్కపెట్టి హ్యాండింగ్-టేకింగ్ చేస్తాం కదా! నోట్‌బుక్కు పట్టుకొని ఆయన ముందు కూర్చున్నాను. నాలుగు చరణాలు చెప్పి ఆగిపోయాడు. "కూకుంటే రాదురా గుంటడా, కాళ్ళు కదలాల" అన్నాడు. సరే, ఆయనకి తప్పెట కట్టి, ఎదురుగా నేనూ ఒకటి కట్టుకొని, సెల్‌ఫోను రికార్డింగులో పెట్టి గోడ మీద ఉంచాను. అలా రెండు ఎండాకాలాలు ఆడుతూ పాడించాను. 2021లో ఆయన పోయాడు.

ఆ రికార్డింగులు విని మా పక్కింటి కుర్రాడు పాట ఎత్తడం నేర్చుకున్నాడు. గొంతు ఖంగుమనేది. 2023లో అగ్నివీర్‌గా వెళ్ళాడు. సంతోషమే, ఈ సభలో ఎవరికి సంతోషం కాదు? కానీ మా జాతరకి పాట ఉంటుందో లేదో ఇప్పుడు వాడి లీవ్ సర్టిఫికెట్ మీద ఆధారపడి ఉంది.

వాడు నేర్చుకుంటున్నప్పుడు పక్కన కూర్చుని విన్న చెల్లెలికి పాటలన్నీ వచ్చు. తొమ్మిదో తరగతి. మా జట్టులో ఆడపిల్ల తప్పెట కట్టింది ఇంతవరకూ లేదు. ఊళ్ళో రెండు వర్గాలయ్యాయి, ఇంకా తేలలేదు. నా మాట మాత్రం ఆ పిల్లకే అని రచ్చబండ దగ్గర చెప్పేశాను. మా తప్పెటలు దానికి పెద్దవైపోతున్నాయి, చిన్న రేకుతో ఒకటి చేయించడానికి ఇచ్చి వచ్చాను.

జై హింద్.