చివరి గంట నుంచి వెనక్కి

(స్వర్ణోత్సవ సమ్మేళనం రెండో రోజు ఉదయం చేసిన ప్రసంగ పాఠం)

 

మన సంఘం కార్యదర్శి గారు మొదట నన్ను నీటిపారుదల గురించి మాట్లాడమన్నారు. రెండు రోజుల తర్వాత మళ్ళీ ఫోన్ చేసి, "కాలువల సంగతి తర్వాత చూద్దాంలే. మీ అమ్మాయి అమెరికాలో రెసిడెన్సీలో చేరింది కదా, అది చెప్పు. మనవాళ్ళ పిల్లలు చాలామంది ఎంబీబీఎస్ చదువుతున్నారు" అన్నారు. నేను డాక్టర్ని కాను. ఏ పుస్తకం చదవాలో, ఏ ప్రశ్నకు ఏది జవాబో చెప్పలేను. నాకు తెలిసింది తేదీల లెక్క. ఆ లెక్కలో నేను ఒక తప్పు చేశాను. దాన్ని మా అమ్మాయి ఒక సంవత్సరం మోసింది. ఈ మాటలు చెప్పడానికి ఆమె ఒప్పుకుంది కాబట్టే ఇక్కడ నిలబడ్డాను.

ముందు, తెలియనివారి కోసం నాలుగు ముక్కలు. రెసిడెన్సీ అంటే మన పీజీ లాంటిది. అది లేకుండా అక్కడ సాధారణంగా వైద్యం చేయనివ్వరు. మన దగ్గర చదివినవాళ్ళు దానికి దరఖాస్తు చేయాలంటే యూఎస్ఎంఎల్ఈ అనే లైసెన్సు పరీక్షలు రాయాలి. మొదటిది స్టెప్ 1, రెండోది స్టెప్ 2 సీకే. ఈ రెండూ హైదరాబాదులోనే రాయవచ్చు. మూడోది అమెరికా వెళ్ళే రాయాలి. ఇవి కాక ఓఈటీ అనే ఇంగ్లీషు పరీక్ష ఉంటుంది. కాలేజీ నుంచి ధ్రువపత్రాలు వెళ్ళాలి. అన్నీ సరిచూసి ఈసీఎఫ్‌ఎంజీ అనే సంస్థ సర్టిఫికెట్ ఇస్తుంది.

2022 జనవరి 26 నుంచి స్టెప్ 1కు మార్కులు తీసేశారు. పాసా, ఫెయిలా, అంతే. అందుకని మన పిల్లల దరఖాస్తులో అంకెగా కనిపించేది స్టెప్ 2 ఒక్కటే. ఇంకో నిబంధన కూడా గుర్తుంచుకోవాలి. పాసైన పరీక్షను మార్కు పెంచుకోవడానికి మళ్ళీ రాయనివ్వరు. తక్కువ వస్తే అదే ఉండిపోతుంది. ఫెయిలైతే మళ్ళీ రాయవచ్చు గానీ, ఆ ఫెయిలు కూడా రికార్డులో ఉంటుంది. ఒక్కో పరీక్షకు నాలుగు ప్రయత్నాలకు మించి లేవు.

ఇక క్యాలెండరు. దరఖాస్తులు సెప్టెంబరు మొదట్లో పంపడం మొదలవుతుంది. సెప్టెంబరు చివరి వారంలో ఒక రోజున ఆసుపత్రుల వాళ్ళందరికీ ఒకేసారి కనిపిస్తాయి. 2022లో అది 28వ తేదీ. అక్టోబరు నుంచి జనవరి దాకా ఇంటర్వ్యూలు జరుగుతాయి. ఆ తర్వాత అభ్యర్థులు ఆసుపత్రులకు, ఆసుపత్రులు అభ్యర్థులకు వరుస క్రమం రాసి ఇస్తారు. కంప్యూటరు రెంటినీ జత చేస్తుంది. దాన్నే మ్యాచ్ అంటారు. మార్చి మధ్యలో ఫలితం వస్తుంది. జూలై 1 ప్రాంతంలో ఉద్యోగం మొదలు. అమెరికా పౌరులు కాని విదేశీ పట్టభద్రుల్లో ఈ మధ్య సంవత్సరాల్లో మ్యాచ్ అవుతున్నది పది మందిలో ఆరుగురికి కాస్త తక్కువ.

ఈ క్యాలెండరు ఎవరి కోసమూ ఆగదు. సెప్టెంబరులో రైలు తప్పితే తర్వాతి రైలు మళ్ళీ సెప్టెంబరుకే.

మా ఇంట్లో జరిగింది చెప్తాను. అమ్మాయి 2022 ఫిబ్రవరిలో స్టెప్ 1 రాసి పాసైంది. ఏప్రిల్‌లో హౌస్ సర్జన్సీ ముగిసింది. స్టెప్ 2కు జూన్ చివర తేదీ తీసుకుంది. పరీక్షకు రెండు వారాల ముందు రాసిన ప్రాక్టీసు పరీక్షలో 238 వచ్చింది. ఆమె అనుకున్నది 250. ఆ రాత్రి భోజనాల దగ్గర అడిగింది:

"నాన్నా, రాసేయనా, వాయిదా వేయనా?"

నేను ఆలోచించకుండా చెప్పాను: "తక్కువొస్తే మళ్ళీ రాయనివ్వరంటున్నావుగా. ఇంకో రెండు నెలలు చదువుకో తల్లీ. దరఖాస్తు సెప్టెంబరులో కదా, బోలెడు టైముంది."

పరీక్షకు మూడు నెలల గడువిస్తారు, ఆ లోపల ఎప్పుడైనా రాసుకోవచ్చు. రుసుము కడితే ఒక్కసారి ఇంకో మూడు నెలలు పొడిగిస్తారు. ఆ రుసుము కట్టింది నేనే. పరీక్ష జూన్ నుంచి ఆగస్టుకు, ఆగస్టు నుంచి సెప్టెంబరు 12కు జరిగింది. దరఖాస్తు గడువు, పరీక్ష తేదీ రెండూ చూశాను గానీ, రెంటి మధ్య ఫలితం అనేది ఒకటుందని లెక్క వేయలేదు. మామూలుగా నాలుగు వారాలకు ఫలితం వస్తుంది. ఎనిమిది వారాల వరకు పట్టవచ్చని వాళ్ళే ముందుగా చెప్తారు. మాకు అక్టోబరు 12న వచ్చింది. అప్పటికి దరఖాస్తులు తెరిచి రెండు వారాలైంది. ఒక్కో ఆసుపత్రికి వేల సంఖ్యలో దరఖాస్తులు వస్తాయి. స్టెప్ 2 మార్కు లేని దరఖాస్తును మొదటి వడపోతలోనే పక్కన పెట్టేవాళ్ళు చాలామంది. తర్వాత మార్కు వచ్చి చేరినా, పక్కన పెట్టినదాన్ని మళ్ళీ తీసి చూసే తీరిక వాళ్ళకు ఉండదు.

ఇంతకీ వచ్చిన మార్కు ఎంత? 243. మూడు నెలలు ఆగి మేము సంపాదించింది ఐదు మార్కులు. ఇంటర్వ్యూలు రెండే వచ్చాయి. 2023 మార్చి 13 సాయంత్రం ఈమెయిల్ తెరిచింది. ఎక్కడా మ్యాచ్ కాలేదు. మిగిలిన సీట్లకు ఆ వారంలోనే ఇంకో ప్రయత్నం ఉంటుంది, అందులోనూ రాలేదు. ఆమె ఏడవలేదు. "నువ్వు వాయిదా వేయమన్నావు కాబట్టి వేశాను నాన్నా, కానీ నాకూ భయం వేసే అడిగాను" అంది. తప్పులో సగం తన మీద వేసుకుంది. నాకు అది ఇంకా కష్టమనిపించింది.

మిత్రులారా, నేను ముప్ఫై ఏళ్ళుగా కాలువల మీద పనిచేస్తున్నాను. డెల్టాలో వేసవికి కాలువలు కట్టేస్తారు. జూన్‌లో మళ్ళీ నీళ్ళు వదిలేలోపు పూడిక తీయాలి, లాకులు, షట్టర్లు బాగుచేయాలి. నీళ్ళు వదిలే తేదీ ముందు రాసుకుని, అక్కడి నుంచి వెనక్కి వస్తాం. కాంక్రీటు ఆరడానికి ఇన్ని రోజులు, దానికి ముందు షట్టరు బిగించడానికి ఇన్ని రోజులు, దానికి ముందు టెండరు. కాంట్రాక్టరు వచ్చి ఇంకో పదిహేను రోజులు గడువు అడిగితే, ఆ పదిహేను రోజులు ఎక్కడి నుంచి తెస్తావయ్యా అని నిలదీస్తాను. అలాంటివాడిని మా ఇంట్లో మాత్రం అడిగిందే తడవుగా గడువు ఇచ్చేశాను. కూతురనేసరికి ఇంజనీరు పోయి తండ్రి మిగిలాడు.

ఆ మార్చి నెలాఖరులో ఇద్దరం కూర్చుని ఒక అట్ట మీద వెనక్కి లెక్క రాశాం. అది మీకూ పనికొస్తుందని చెప్తున్నాను.

సెప్టెంబరు చివర దరఖాస్తు తెరిచేనాటికి స్టెప్ 2 మార్కు అందులో ఉండాలి. ఫలితానికి ఎనిమిది వారాలు వదిలేస్తే పరీక్ష జూలై నెలాఖరుకు అయిపోవాలి. ఏదో ఒక అడ్డంకి రాకుండా ఉండదు కాబట్టి జూన్ మధ్య అనుకోండి. స్టెప్ 2కు గట్టిగా చదవడానికి ఐదారు నెలలు. అంటే స్టెప్ 1 అంతకుముందు శీతాకాలానికే ముగియాలి. స్టెప్ 1కు దరఖాస్తు చేసి, కాలేజీ ధ్రువీకరణలు పూర్తయి, పరీక్షకు అనుమతిపత్రం రావడానికి ఇంకొన్ని వారాలు. ఇలా లెక్క వేసుకుంటూ వెళ్తే మొదటి గీత ఫైనలియరులోకి వచ్చి పడుతుంది. హౌస్ సర్జన్సీ అయ్యాక చూద్దాం అంటే అప్పటికే ఆలస్యం.

ఇందులో చాలామంది మరిచిపోయేది ఒకటుంది. అమెరికాలో ఏదైనా ఆసుపత్రిలో ఒకటి రెండు నెలలు ఉండి, అక్కడి డాక్టర్ల సిఫారసు ఉత్తరాలు తెచ్చుకుంటే దరఖాస్తుకు బలం. దానికి వీసా కావాలి. 2022లో మాకు వీసా అపాయింట్‌మెంటు దగ్గర్లో దొరకలేదు, కోవిడ్ తర్వాత క్యూ అంత పొడుగ్గా ఉంది. కాగితం మీద చూస్తే హౌస్ సర్జన్సీ, స్టెప్ 2 చదువు, అమెరికా ప్రయాణం మూడూ పక్కపక్కనే చక్కగా నడుస్తాయి. కానీ మూడూ చేయాల్సింది ఒక్క మనిషి. రాత్రి డ్యూటీ చేసి వచ్చిన పిల్ల పగలు ఎన్ని గంటలు చదువుతుందో మీరే చెప్పండి. మూడు కాలువలకు ఒకే తూము ఉన్నప్పుడు వంతులు వేయక తప్పదు.

రెండో చిక్కు మన పేర్లు. మన సర్టిఫికెట్లలో ఇంటిపేరు ఒక పొడి అక్షరమే. పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది, ఒక్కోసారి ముందువెనకలుగా ఉంటుంది. పరీక్ష కేంద్రంలో అనుమతిపత్రం మీద పేరు, పాస్‌పోర్టు మీద పేరు సరిపోలకపోతే లోపలికి రానివ్వరు. డిగ్రీ మీద పేరు వేరుగా ఉంటే అదీ ఇదీ ఒకరేనని కాగితం చూపాలి. మాకు దానికే మూడు వారాలు పట్టింది. మీ పిల్లలు ఇంకా మొదటి సంవత్సరంలో ఉంటే, ఇంటికి వెళ్ళి ముందు ఈ పేర్లు సరిచూడండి.

అలాగని తొందరపడమని కాదు. మన బ్యాచ్ మిత్రుడి కొడుకు గడువు దాటిపోతుందని, ప్రాక్టీసు పరీక్షల్లో పాసు మార్కు దాటకుండానే స్టెప్ 1కు వెళ్ళాడు. ఫెయిలయ్యాడు. అతను ఆ దారి వదిలేసి ఇక్కడే పీజీలో చేరాడు, హాయిగా ఉన్నాడు. కానీ ఆ రోజు ఒక్క నెల ఆగి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అంటాడు. కాబట్టి ఆగడమా, రాయడమా అన్నదానికి అందరికీ ఒకే జవాబు లేదు. ఆ నిర్ణయానికి ముందే ఒక తేదీ, ఒక అంకె పెట్టుకోవాలి. పరీక్షకు మూడు వారాల ముందు ప్రాక్టీసు మార్కు ఇంతకు పైన ఉంటే రాసేయడం, ఇంతకు తక్కువైతే ఆగడం. ఆగితే ఫలానా తేదీ దాటి ఆగకూడదు. అది కూడా దాటితే ఆ సంవత్సరాన్ని వదిలి వచ్చే ఏడాదికి నిండుగా సిద్ధం కావడం. ఈ మాటలు మనసు నెమ్మదిగా ఉన్న రోజున కాగితం మీద రాసి గోడకు అంటించాలి. భయపడిన రాత్రి భోజనాల దగ్గర తేల్చే విషయం కాదు ఇది. తల్లిదండ్రులు తేల్చే విషయం అసలే కాదు. మనం ఆ కాగితం గుర్తు చేస్తే చాలు.

మా అమ్మాయి ఆ ఏడాది మన ఊళ్ళోనే ఒక ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరుగా పనిచేసింది. 2022లో తీసుకున్న వీసా తేదీ ఎట్టకేలకు వచ్చింది. 2023 మే, జూన్‌లలో అమెరికా వెళ్ళి మూడు ఉత్తరాలు తెచ్చుకుంది. మార్కు అదే 243. కానీ సెప్టెంబరు 27న దరఖాస్తు తెరిచేసరికి ప్రతి కాగితం లోపల ఉంది. ఈసారి తొమ్మిది ఇంటర్వ్యూలు వచ్చాయి. అన్నీ వీడియోలోనే, మనకు రాత్రిపూట. పక్క గదిలో టీవీ కట్టేసి నేనూ, మా ఆవిడా గుసగుసలాడుకునేవాళ్ళం. 2024 మార్చి 11న మ్యాచ్ అయింది. ఇప్పుడు మిషిగన్‌లో ఇంటర్నల్ మెడిసిన్ చేస్తోంది.

ఒక్క మాట చెప్పి ముగిస్తాను. పదో తరగతి పబ్లిక్ పరీక్షల ముందు మన లెక్కల మాస్టారు, ఇదిగో ఇప్పుడు ముందు వరసలో కూర్చున్నారు, మాకు ఒకటే చెప్పేవారు. పేపరు చేతికి రాగానే మొదటి ప్రశ్న చదవొద్దురా, లాంగ్ బెల్ ఎప్పుడో చూసుకుని, అక్కడి నుంచి పది నిమిషాలు వెనక్కి వచ్చి ఒక గీత గీసుకోండి, అని. ఆ మాట పట్టుకునే ఇంజనీరునయ్యాను. ఇంటి దగ్గర మరిచిపోయాను. మాస్టారూ, ఆ అట్ట ఇంకా మా గోడకే ఉంది. పైన సెప్టెంబరు తేదీ, దాని కింద మీరు చెప్పిన గీత.