రిక్తహస్త విద్య: గురువులు, శిక్షణ, సంప్రదాయము



గ్రంథాలయ రజతోత్సవమున గ్రంథములను గూర్చి ముచ్చటించుట పరిపాటి. అట్టి సభలో పిడికిలిని గూర్చిన ప్రసంగమెందులకని కొందరికి శంక కలుగవచ్చును. సాయంకాలము మూసాపేట వీధులలో నడచువారికి ఆ శంక ఉండదు. తెల్లని దుస్తులు తొడిగి, నడుమునకు పసుపుపచ్చనిదో ఆకుపచ్చనిదో పట్టీ బిగించుకొని కరాటే అభ్యాసమునకు పోవు బాలబాలికలు కనిపించుచునే యుందురు. బొంబాయి రహదారి ప్రక్కనున్న ఈ గ్రామము మహానగరములో కలిసిపోయినది. 2017లో మెట్రో రైలు సహితము వచ్చి ఇచ్చట నిలిచినది. తల్లిదండ్రులు పలువురు దూరపు కార్యాలయములలో పనిచేసి ప్రొద్దుపోయి ఇల్లు చేరుచున్నారు. ఆ సాయంకాలపు గంటలో వారి బిడ్డ ఒక గురువు చేతిలో నుండును. ఆ గురువు నేర్పునది కొట్టు విద్య. కావున ఆ విద్య యెట్టిది, దానిని లోకమున నిలిపిన గురువులెట్టివారు, వారెట్లు నేర్పిరి అని తెలిసికొనుట ప్రతి గృహస్థునకును అవసరము.

కరాటేకు పుట్టినిల్లు ఒకినావా ద్వీపము. అది పూర్వము ర్యూక్యూ అను చిన్న రాజ్యము. చీనా దేశముతో దానికి వర్తకమును, రాయబారమును ఉండెను. ఆ రాకపోకల వలన చీనా మల్లవిద్యలు ద్వీపమునకు వచ్చి, అచ్చటి దేశీయ విద్యతో కలిసి కొత్తరూపు దాల్చెను. 1879లో జపాను ప్రభుత్వము ఆ రాజ్యమును తనలో కలుపుకొని ఒక మండలముగా చేసెను. విద్య మాత్రము ద్వీపవాసుల యొద్దనే గుట్టుగా నిలిచెను.

మొదట ఆ పేరునకు 'చీనా చేయి' అని అర్థము. 1936లో ఒకినావా ముఖ్యపట్టణమైన నాహాలో ఆచార్యులు సమావేశమై, ఉచ్చారణ మార్చకయే వ్రాతలో మరియొక అక్షరమును స్వీకరించిరి. అప్పటినుండి దానికి 'వట్టి చేయి' అని అర్థము స్థిరపడెను. ఆయుధము లేని చేయి యనుట పైకి కనబడు భావము. కాని బౌద్ధులు శూన్యత యను పదమును చీనా లిపిలో వ్రాయుటకు వాడిన అక్షరమును అదియే. కృష్ణాతీరముతో నాగార్జునుని పేరు ముడివడియున్న తెలుగుదేశమున శూన్యమను మాట క్రొత్తది కాదు. అభ్యాసస్థలమును వారు దోజో అందురు. అదియు బోధిమండమను సంస్కృత పదమునకు బౌద్ధులు చేసికొన్న అనువాదమే. బుద్ధుడు జ్ఞానము పొందిన తావునకు పెట్టిన పేరు, పిడికిలి బిగించి చెమటోడ్చు పాకకు వచ్చినది. ఆ పేరు పెట్టినవారు ఆ స్థలమునుండి ఏమి ఆశించిరో గ్రహింపవచ్చును.

కరాటే మన దేశమునుండియే పోయినదనియు, దక్షిణాపథము నుండి వెడలిన బోధిధర్ముడు షావోలిన్ మఠమున దానిని నేర్పెననియు ఒక ప్రతీతి కలదు. వినుటకు ఇంపుగా నుండును. కాని ఆ కథకు ఆధారమైన గ్రంథము పదునేడవ శతాబ్దిది. బోధిధర్ముడు అంతకు వేయి సంవత్సరములకు పైబడి పూర్వుడు. చరిత్రకారులు ఆ కథను ప్రమాణముగా గైకొనరు. గౌరవమునకై గాథను చరిత్రగా చెప్పికొన నక్కరలేదు. మన గడ్డమీద మల్లవిద్య ఎంతటిదో ముందు చెప్పబడును.

ఒకినావాలో ఈ విద్య చిరకాలము రహస్యముగా నుండెను. గిచిన్ ఫునకోషి అను ఆచార్యుడు 1868లో షురీ పట్టణమున జన్మించెను. బాల్యమున దుర్బలుడు. అతడు అజాతో అను గురువు నింటికి రాత్రివేళ దీపము పట్టుకొని నడచిపోయి అభ్యసించెడివాడు. పెరటిలోని అభ్యాసమును గురువు కూర్చుండి చూచుచుండును. శిష్యుడు ఒకే కతాను, అనగా నియతమైన అడుగులు, దెబ్బలు, కాపుదలలు వరుసగా కూర్చిన ఒకే అభ్యాసక్రమమును, మరల మరల చేయవలెను. అది సంతృప్తికరమగువరకు రెండవ కతా లేదు. నెలలు గడచెడివి; గురువు పలుకునది ఒకటి రెండు మాటలే. 'మరల చేయుము' అనుట తరచు, 'బాగు' అనుట అరుదు. మూడు కతాల నేర్చుటకు పదేండ్లు పట్టెనని ఆయనయే తన వృద్ధాప్యమున చెప్పెను.

ఈ రహస్యమును బట్టబయలు చేసినవాడు ఫునకోషి గురువులలో రెండవవాడైన ఇతోసు. ఆయన వృత్తి చెప్పిన పలువురు ఆశ్చర్యపడుదురు. ర్యూక్యూ రాజు కొలువులో ఆయన లేఖకుడు. కలము పట్టి జీవించినవాడు. 1901లో ఆయన ఈ విద్యను షురీలోని ప్రాథమిక పాఠశాలలో ప్రవేశపెట్టెను. పెద్దల కతాలు పిల్లలకు కఠినములని గ్రహించి, వారికొరకు పినాన్ అను అయిదు సులభ కతాలను కూర్చెను. 1908లో విద్యాధికారులకు పది అంశములతో లేఖ వ్రాసి, ఈ విద్య దేహారోగ్యమునకును శీలమునకును పనికివచ్చునని వివరించెను. రాత్రి పెరటిలో ఒక్కనికి అందిన విద్య పగటివేళ పాఠశాల ముంగిట నూర్గురకు అందెను.

ఫునకోషియు బడిపంతులే. ముప్పది ఏండ్లు పిల్లలకు చదువు చెప్పెను. 1922లో తోక్యోలో విద్యాశాఖ జరిపిన వ్యాయామ ప్రదర్శనమునకు ఒకినావా పక్షమున పోయెను. జూడో విద్యను నెలకొల్పిన జిగోరో కానో ఆయనను తన శాలకు పిలిపించి విద్య చూపుమని కోరెను. ఆ కానో కూడ ఉపాధ్యాయుడే. ఉన్నత ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలకు అధ్యక్షుడుగా పనిచేసినవాడు. 1882లో ఒక ఆలయములో కొలదిమంది శిష్యులతో జూడో మొదలిడినవాడు. ఆయన ప్రోత్సాహమున ఫునకోషి తోక్యోలోనే నిలిచిపోయెను. అప్పటికి ఏబది దాటిన ఆ ఆచార్యుడు, భార్యను స్వస్థలమున విడిచి, ఒకినావా విద్యార్థుల వసతిగృహమున చిన్నగదిలో కాపురముండి, పగలు ఆ ఆవరణము ఊడ్చుచు, సాయంకాలము కరాటే నేర్పెను. 1957లో మరణించునాటికి ఆ విద్య విశ్వవిద్యాలయములకు ప్రాకెను. తోక్యోలో 2021లో జరిగిన ఒలింపిక్ క్రీడలలో దానికి స్థానము లభించెను. 2024లో పారిస్ క్రీడలలో లభింపలేదు. ఆ స్థానము వచ్చినను పోయినను విద్యకు హెచ్చుతగ్గులు లేవు.

ఇక శిక్షణ విషయము. కరాటే అభ్యాసము మూడు పాదములపై నిలుచును. మొదటిది కిహోన్: నిలుచుట, అడుగు వేయుట, గుద్దుట, తన్నుట, అడ్డుకొనుట అను మూలాంశముల పునశ్చరణ. రెండవది కతా. మూడవది కుమితే: ఎదుటివానితో తలపడుట. ఒకినావాలో వీనికి తోడు దేహమును కట్టుటకు సాధనములుండెను. గడ్డిత్రాడు చుట్టిన కొయ్యపలకను నేలలో నాటి పిడికిలితో కొట్టెడివారు, దానిపేరు మకివారా. మట్టికూజాలను మూతియొద్ద వ్రేళ్లతో పట్టియెత్తి నడచెడివారు. చోజున్ మియాగి అను ఆచార్యుని గోజు సంప్రదాయమున సాన్‌చిన్ అను కతాకు ప్రాధాన్యము. అందు అడుగులు కొలదియే. ఊపిరి పీల్చుట, విడుచుట, కండరములు బిగించుట దాని ప్రాణము. మన ప్రాణాయామమును ఎరిగినవారికి ఆ క్రమము సుబోధకము.

నడుము పట్టీల ముచ్చట ఇచ్చట చెప్పవలెను. శ్రేణులను ఏర్పరచినవాడు కానో. ఆయన జూడోకు కల్పించిన ఆ పద్ధతిని ఫునకోషి కరాటేకు తెచ్చెను. నల్లపట్టీ యనిన విద్య ముగిసినదని లోకులు తలంతురు. ఆ మొదటి నల్లపట్టీకి వారు పెట్టిన పేరు షోదాన్. దానికర్థము 'ఆరంభ శ్రేణి' అని. అక్షరమాల ముగిసినది, ఇక చదువు మొదలగును అనుట వంటిది. మూడు మాసములకొక రంగు చొప్పున పరీక్షరుసుము చెల్లించి పట్టీలు మార్చుకొనుచు, నల్లపట్టీ రాగానే బిడ్డను మాన్పించు తల్లిదండ్రులు గడప దాటి వెనుకకు మరలినవారగుదురు.

మన గడ్డమీద ఇట్టి విద్య లేకపోలేదు. కల్యాణి చాళుక్య చక్రవర్తి మూడవ సోమేశ్వరుడు పండ్రెండవ శతాబ్దిలో రచించిన మానసోల్లాసమున మల్లవినోదమను ప్రకరణము కలదు. విజయనగరమును సుమారు 1520లో చూచిన పోర్చుగీసువాడు పాయస్, కృష్ణదేవరాయల నిత్యవ్యాయామమును వర్ణించెను. తెల్లవారకమున్నే రాయలు నువ్వులనూనె త్రాగి, ఒడలికి పట్టించుకొని, మట్టితో చేసిన బరువులెత్తి, కత్తిసాము చేసి, నూనె చెమటయై దిగువరకు శ్రమించి, పిదప మల్లునితో పెనగెడివాడట. కూజాలెత్తిన ఒకినావా వానికిని, మట్టిబరువులెత్తిన రాయలకును ఎంత దగ్గర! హైదరాబాదులో తాలీముఖానాలు, ఉస్తాదులు, దండీలు, బస్కీలు, ముద్గరములు, ఎఱ్ఱమట్టి గోదాలు పెద్దలందరు ఎరిగినవే.

ఆధునిక కాలమున కోడి రామమూర్తినాయుడుగారి పేరు ఎరుగని తెలుగువాడు లేడు. వీరఘట్టమున పుట్టి, విజయనగరమున పెరిగి, మద్రాసు చెంత సైదాపేటలో వ్యాయామశిక్షణ పొంది, విజయనగరమున వ్యాయామోపాధ్యాయుడుగా పనిచేసిన మహాబలుడాయన. పిదప సర్కసు స్థాపించి, రొమ్మున ఏనుగును నిలుపుకొని, ఉక్కుగొలుసులు తెంచి, కదలు మోటారుకారులను ఆపి కలియుగ భీముడనిపించుకొనెను. శాకాహారి, ప్రాణాయామము ఆయన బలమునకు మూలమని ప్రసిద్ధి. 1942లో స్వర్గస్థుడయ్యెను. శ్రీకాకుళమున ఆయన పేరిట క్రీడాప్రాంగణము, విశాఖ సముద్రతీరమున విగ్రహము కలవు.

ఇచ్చట ఒక్కక్షణము ఆగి ఆలోచింపవలెను. ఇతోసు, ఫునకోషి, రామమూర్తి మువ్వురును ఇంచుమించు ఒకే యుగమువారు. మువ్వురును పాఠశాలలో పిల్లలకు నేర్పినవారు. బలమున రామమూర్తి ఎవనికిని తీసిపోడు. అయినను ఒకినావా కతా మూసాపేట సందులో పదేండ్ల బాలిక నోట, కాలిలో, చేతిలో నేడు ఆడుచున్నది. రామమూర్తి ఏనుగు కథ మాత్రమే తాతల నోట మిగిలెను. ఆయన తెల్లవారి లేచి ఏమి చేసెను, ఊపిరినెట్లు బంధించెను అని ఏ బాలుని అడిగినను చెప్పలేడు. మనము ఆయన అద్భుతమును దాచుకొని అభ్యాసమును జారవిడిచితిమి. వారు అభ్యాసమునే దాచుకొనిరి. పినాన్ కతా చూచుటకు గొప్ప వింత కాదు. ఎవడును దానికి టిక్కెట్టు కొని రాడు. కాని పిల్లవానికి నేర్పదగినంత చిన్నది, జీవితాంతము చేయదగినంత లోతైనది. అందుచేతనే అది నూరేండ్లు నిలిచినది.

గురుత్వమునకు మరియొక పరీక్ష కలదు. ఏకలవ్యుని కథ ఎవరికి తెలియదు? ద్రోణుడు విద్య నిరాకరించెను. విద్య పొందినవాని బొటనవ్రేలు కోరెను. ఆ శిష్యుని భక్తిని వేనోళ్ల కొనియాడుదుము. ఆ గురువును ప్రశ్నించుట కూడ ధర్మమే. విద్యను దాచుట, శిష్యుని దేహమును దక్షిణగా గొనుట రెండును గురుత్వమునకు కళంకములు. ఇతోసు మొదటి కళంకమును తుడిచెను. రెండవదానిని తుడువవలసిన భారము నేటి గురువులమీద, వారికి బిడ్డలను అప్పగించువారిమీద ఉన్నది. క్రమశిక్షణ పేరిట గాయపరచుట శిక్షణ కాదు. ఎదుగుచున్న ఎముకలు గల బాలుని చేత గట్టి పలకపై పిడికిలి కొట్టించుట మకివారా సంప్రదాయము కాదు, తొందరపాటు. నమస్కారముతో మొదలై నమస్కారముతో ముగియవలెననియు, మొదటి దెబ్బ తనవానిది కారాదనియు ఫునకోషి బోధించెను. ఆ బోధ లేని కరాటే వీధి కలహమునకు తెల్లని తొడుగు.

కావున గృహస్థులు గురువును ఎన్నుకొనునప్పుడు గోడమీది పతకములు లెక్కింపక, ఒకగంట సేపు మూల కూర్చుండి అభ్యాసమును చూడవలెను. కలసిరాని బాలుని గురువు ఏమని పలుకరించుచున్నాడు? బాలికను తాకవలసివచ్చినప్పుడు చెప్పి తాకుచున్నాడా? తాను కూడ పిల్లలతోపాటు చెమటోడ్చుచున్నాడా? తల్లిదండ్రులు చూచుటకు తలుపు తెరచియున్నదా? ఈ నాలుగును కంటితో చూచి తెలిసికొనదగినవి. ఇంటికి వచ్చిన బిడ్డను 'ఏ రంగు పట్టీ వచ్చినది?' అని అడుగుటకు మారుగా, 'నేడు గురువుగారు దేనిని మరల చేయించినారు?' అని అడుగుట మేలు. అడిగిన నాడు బిడ్డ చేసి చూపును. చూపినప్పుడు మరియొకమారు అభ్యాసమగును.

ఈ గ్రంథాలయమునకు కూడ ఇందులో ఒక పని కలదు. ఈ పరిసరములలో తాలీముఖానాలలో పెరిగిన వృద్ధులు, కఱ్ఱసాము ఎరిగినవారు ఎవరైన నున్నచో వారి గెలుపుల కథలతో తృప్తిపడక, వారి దినచర్యను వ్రాసికొనవలెను. ఎన్ని గంటలకు లేచిరి, ఎన్ని దండీలు తీసిరి, గోదామట్టిలో ఏమేమి కలిపిరి, ఉస్తాదు మొదటి ఏడు ఏమి నేర్పెను, దేనిని నేర్పుటకు నిరాకరించెను అని అడిగి, చందాదారులలో చేతివ్రాత కుదిరినవారు ఒక నోటుపుస్తకమున ఎక్కింపవలెను. ఒకినావాలో ఆ పని ఒక లేఖకుడు చేసెను. ఇచ్చట చేయుటకు ఒక కలము, ఒక పుస్తకము, ఓపికగా వినుటకు ఒక సాయంకాలము చాలును. ఈ సంవత్సరము ముగియులోపల ఒక్కరి అభ్యాసమైనను అట్లు కాగితమున కెక్కినచో ఈ రజతోత్సవము సార్థకమగును.