లెక్క పెట్టింది ఎవరని అడుగుదాం

(షోలాపూర్ తెలుగు కార్మికుల సభలో యూనియన్ కార్యదర్శి చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు పగారు మాట, బోనస్ మాట పక్కన పెడుతున్నాం. ఫోనుల్లోంచి మన ఇళ్ళలోకి వస్తున్న అబద్ధాల గురించి మాట్లాడదలచాం. ఇది యూనియన్ పనేనా అని కొందరు అడిగారు. మన పిల్లల ప్రాణాల సంగతి యూనియన్ పని కాకపోతే ఇంకేది యూనియన్ పని?

2018 నవంబరులో మన మహారాష్ట్రలో తట్టు, రుబెల్లా టీకా కార్యక్రమం మొదలైంది. తొమ్మిది నెలల పసివాళ్ళ నుంచి పదిహేనేళ్ళ లోపు పిల్లల దాకా వేశారు. ఈ సూది పొడిస్తే ఆడపిల్లలకు ఇక సంతానం కలగదని అప్పుడే మన వాడల్లో ఒక కబురు పుట్టింది. కొందరు తల్లులు పిల్లలను బడి మాన్పించారు. మేము ఏం చేశాం? చదువుకున్నవాళ్ళు చూసుకుంటారులే అని ఊరుకున్నాం. అది మా తప్పు. ఈ సభలో ఒప్పుకుంటున్నాం.

నిజం ఏమిటి? గర్భిణికి తొలి నెలల్లో రుబెల్లా సోకితే కడుపులోని బిడ్డకు కళ్ళు, చెవులు, గుండె దెబ్బతినవచ్చు. ఒక్కోసారి గర్భమే నిలవదు. ఆ ముప్పును తప్పించే టీకా మీదనే, అది బిడ్డలను పుట్టనివ్వదని నింద వేశారు!

అయితే, భయపడినవారిని ఎగతాళి చేయకండి. బొంబాయి మిల్లు కార్మికుల చరిత్ర చూడండి. 1896లో అక్కడ ప్లేగు వచ్చింది. ఆసుపత్రికి తీసుకుపోయినవారిని చంపేస్తున్నారని పుకారు లేచింది. ఆ అక్టోబరులో మిల్లు కార్మికులు ఆర్థర్ రోడ్డు ఆసుపత్రి మీద దాడి చేశారు. వాళ్ళు మూర్ఖులా? కాదు. ఇళ్ళలో చొరబడి సోదాలు చేసి, రోగులను బలవంతంగా లాక్కుపోయిన సర్కారు అది. అటువంటి సర్కారును ఎవరు నమ్ముతారు?

అదే బొంబాయిలో హాఫ్కిన్ అనే శాస్త్రజ్ఞుడు ప్లేగుకు టీకా తయారుచేశాడు. 1897 జనవరి 10న ముందుగా తన ఒంటికే వేసుకున్నాడు. తరువాత బైకుల్లా జైలులో ఒప్పుకున్న ఖైదీలకు వేసి, వేయించుకున్నవారిలో ఎందరికి ప్లేగు వచ్చింది, వేయించుకోనివారిలో ఎందరికి వచ్చింది అని లెక్క తీశాడు. ఖైదీల మీద పరీక్షలు చేయడం ఈనాడు మనం ఒప్పుకునే పద్ధతి కాదు. కాని టీకా పని చేసిందని చెప్పింది ఆ లెక్కే. పరేల్‌లో మిల్లుల మధ్య ఈనాటికీ ఉన్న సంస్థకు ఆయన పేరే పెట్టారు.

టీకాల్లో ఎన్నడూ పొరపాటు జరగలేదా? జరిగింది. 1902లో పంజాబులోని ముల్కోవాల్ గ్రామంలో టీకా వేయించుకున్న 19 మంది ధనుర్వాతంతో చనిపోయారు. విచారిస్తే ఆ 19 మందికీ ఒకే సీసాలోని మందు వేశారని తేలింది. మిగతా సీసాల మందు వేసుకున్నవారికి ఆ జబ్బు రాలేదు. నూలు లాటులో పోగు మాటిమాటికీ తెగితే మనం ఏం చేస్తాం? ఏ కండె చెడ్డదో వెతికి పట్టుకుంటాం, నేత మానం. ఇదీ అంతే. టీకా తరువాత చెయ్యి నొప్పి, ఒకటి రెండు రోజుల జ్వరం రావచ్చు. అంతకు మించి ఏదైనా అయితే వెంటనే డాక్టరుకు చూపించి, టీకా సంగతి చెప్పి రాయించండి. దాచవద్దు.

భారతదేశంలో సహజ పోలియో వైరస్ వల్ల చివరి కేసు 2011 జనవరిలో హౌరాలో వచ్చింది. ఆ చుక్కల మీద కూడా పుకార్లు పుట్టాయి. ఇల్లిల్లూ తిరిగిన ఆడవాళ్ళ కాళ్ళ కష్టమే వాటిని ఓడించింది.

మరో కబురు: విమానం వెనక కనబడే తెల్లచార మనమీద చల్లే మందు అని. చలికాలం మొదటి షిఫ్టుకు వస్తుంటే మన నోటినుంచి పొగలాగా ఆవిరి వస్తుందే, అటువంటిదే అది. విమానం ఇంజనులో కిరోసిన్ వంటి నూనె మండితే నీటి ఆవిరి పుడుతుంది. పది కిలోమీటర్ల ఎత్తున సున్నాకు 40 డిగ్రీలు దిగువన ఉండే చలిలో అది మంచు రేణువులుగా గడ్డకడుతుంది. అక్కడి గాలి పొడిగా ఉంటే చార త్వరగా మాయమవుతుంది, తేమగా ఉంటే చాలాసేపు నిలుస్తుంది. గాలిలో తేమ ఎంత పని చేస్తుందో మిల్లువాళ్ళకు ఒకరు చెప్పాలా?

ఇంకొకటి: ఎండలు ఎప్పుడూ ఉన్నవే, భూమి వేడెక్కడం బూటకం అని. గాలిలో బొగ్గుపులుసు వాయువును 1958 నుంచి హవాయిలోని మౌనాలోవా కొండ మీద కొలుస్తున్నారు. అప్పుడు పది లక్షల పాళ్ళలో సుమారు 315 పాళ్ళు, ఇప్పుడు 420 దాటింది. భూమి వేడిని పట్టి ఉంచేది ఆ వాయువే. ఒక్క కండె చూసి లాటు మంచిచెడ్డ చెప్పం కదా! అలాగే ఒక్క చలి రాత్రిని చూసి భూమి చల్లబడిందనరాదు. వేడి మామూలేనని మనం నమ్మితే లాభం ఎవరికి? సాంచాల షెడ్డులో ఫ్యాన్లు, తాగునీళ్ళు పెట్టని యజమానికి!

కనుక ఏ కబురు వచ్చినా మూడు ప్రశ్నలు అడగండి. చెప్పింది ఎవరు? లెక్క పెట్టింది ఎవరు? నమ్మితే లాభం ఎవరికి? జవాబు దొరికేదాకా పక్కవారికి పంపకండి. యూనియన్ ఆఫీసుకు తీసుకురండి. మేమూ డాక్టరును అడిగే చెబుతాం, ఊహించి చెప్పం.

యాజమాన్యాలకు కూడా ఒక మాట. మీటరు లెక్కన కూలి తీసుకునే తండ్రి పిల్లను టీకాకు తీసుకుపోతే ఆ పూట కూలి పోతుంది. పుకారుతో పాటు ఈ నష్టం కూడా పిల్లలను టీకాకు దూరం చేస్తున్నది. టీకా రోజుకు పగారుతో సెలవు ఇవ్వాలని ఈ సభ డిమాండు చేస్తున్నది.

2018లో ఊరుకున్నాం. ఇక ఊరుకోం.

కార్మికుల ఐక్యత వర్ధిల్లాలి!