క్రొత్త మోటారుబండి: నిరీక్షణము, స్వీకారము

గ్రామపెద్దలారా, క్రొత్తగా విపణిలోనికి వచ్చి, జనులెల్లరు కోరుచున్న మోటారుబండిని కొని తెచ్చుకొనుట నేటి నా ప్రసంగ విషయము. ఇది పట్టణవాసుల ముచ్చట యని తలంపవలదు. హనుమకొండనుండి నర్సంపేటకును, పరకాలకును, ములుగునకును పోవు బాటలపై నేడు ఎడ్లబండ్లకంటె ఎత్తైన మోటారుబండ్లే హెచ్చుగా కనబడుచున్నవి. మిరపపంట ఎనుమాముల మార్కెటులో అమ్ముడై సొమ్ము చేతికి అందగనే, ఇంటిలోని పడుచువాండ్రు మొదట ఎత్తునది బండి మాటయే. ఆ మాటకు బదులు చెప్పవలసినవారు మీరు. కావున మేము కొన్న బండి వృత్తాంతమును, అందువలన తెలిసిన సంగతులను మనవి చేసెదను.

మహీంద్రావారి స్కార్పియో మొదట 2002లో వెలువడినది. ఇరువది యేండ్లకు, 2022 జూన్ 27న, వారు స్కార్పియో-ఎన్ అను క్రొత్త బండిని ప్రకటించిరి. జులై 30 ఉదయము 11 గంటలకు పేర్ల నమోదు ఆరంభమైనది. మొదటి నిమిషములోనే 25,000 పేర్లు, అరగంటలో లక్ష పేర్లు ఎక్కినవి. నేనును మా తమ్ముని కుమారుడును హనుమకొండలోని మా యింట ఫోను చేతబట్టుకొని కూర్చుండి, రూ. 21,000 చెల్లించి పేరు వ్రాయించితిమి. కాని మొదటి 25,000 మందిలో మేము లేము. ప్రారంభ ధర వారికి మాత్రమే. తక్కినవారు బండి చేతికి వచ్చునాటి ధర ఇచ్చుకొనవలెను. ఈ షరతు పేరు వ్రాయించుకొనునాడే చదివి తెలిసికొనదగినది. బండి వచ్చిన పిదప వాదించి ప్రయోజనము లేదు.

బండికై కాచుకొనుట మన దేశమున క్రొత్త కాదు. అంబాసిడరు బండికి ఏండ్ల తరబడి వేచినవారు మీలో కొందరికి తెలిసియే యుందురు. 1983లో మారుతి బండికి పేర్లు పిలిచినపుడు లక్షకు పైగా జనులు ముందుగా సొమ్ము కట్టిరి. ఆ కాలమున కర్మాగారములు కొద్ది; ప్రభుత్వపు అనుమతులు పరిమితము. మా కాలపు జాప్యమునకు హేతువు వేరు. నేటి బండిలో యంత్రము, దీపములు, నిరోధకములు అన్నియు చిన్న చిన్న ఎలక్ట్రానిక్ చిప్పుల ఆజ్ఞకు లోబడి నడచును. కరోనా వ్యాధి ప్రబలిన 2020 తరువాత ఆ చిప్పులకు లోకమంతట కరవు వచ్చినది. ఇనుము ఉన్నను, పనివారు ఉన్నను, గోరంత చిప్పు లేక బండ్లు ఆగిపోయెను. పూనా చెంతనున్న చాకన్ కర్మాగారము నెలనెల చేయగల బండ్లు కొన్నివేలు, కోరినవారు లక్ష. లెక్క స్పష్టమే గదా.

ఇట్లు వేచియుండగా మా తమ్ముని కుమార్తెకు 2023 మాఘమాసమున వివాహము నిశ్చయమైనది. పెండ్లికూతురు క్రొత్త బండిలోనే అత్తవారింట దిగవలెనని పిల్లవాని పట్టు. అదే సమయమున ఒక మధ్యవర్తి మా యింటికి వచ్చి, వేరొకనికి కేటాయించిన బండి సిద్ధముగా నున్నదనియు, పైన లక్షన్నర యిచ్చినచో వారములో ఇప్పింతుననియు చెప్పెను. ఆ సొమ్మునకును, అప్పు లేకుండ బండి కొనుటకును, ఊరిలోని యెకరము చెలక అమ్మివేయుదమని మావారిలో ఇద్దరు అనిరి. రెండు దినములు ఇంటిలో వాదోపవాదములు జరిగినవి. మూడవనాడు మా తల్లి పలికిన మాట యిది: “పెండ్లికి బండి కిరాయికి దొరుకుతది. అమ్మిన చెలక మల్ల దొరుకుతదా?” అంతటితో వాదము ముగిసెను. పెండ్లికూతురు కిరాయి బండిలోనే సాగినది. పెండ్లి శోభకు కొఱత కలుగలేదు.

మధ్యవర్తి మాటలో మరియొక చిక్కు కలదు. ఒకని పేర కేటాయించిన బండి వాని పేరనే రిజిస్టరు అగును. పిమ్మట మన పేరునకు మార్చినచో క్రొత్తబండి ధరకు పైగా ఇచ్చి, కాగితములపై రెండవ యజమానులమగుదుము. మరల అమ్మునపుడు ఆ మేరకు వెల తగ్గును.

ఇక ధర సంగతి. పత్రికలలో ప్రకటించునది షోరూము ధర. రోడ్డు మీదికి వచ్చుసరికి దానిపై మరికొన్ని చేరును. షోరూము ధర రూ. 17 లక్షలనుకొనుడు. 2022 మేలో విధించిన మేరకు, మేము కొన్ననాడు తెలంగాణమున 10 నుండి 20 లక్షల బండికి జీవితకాలపు పన్ను నూటికి 17 ఉండెను. అనగా రూ. 2,89,000. 10 లక్షలు దాటిన బండిపై నూటికి ఒక రూపాయి వంతున ఆదాయపు పన్ను క్రింద ముందుగా పట్టుకొందురు, అది రూ. 17,000. ఇది పోయిన సొమ్ము కాదు. ఆదాయపు లెక్క దాఖలు చేసినవారు దానిని జమకట్టించుకొనవచ్చును. చాలమంది రైతులు ఆ లెక్క దాఖలు చేయక దానిని వదలుకొనుచున్నారు. పైగా, మేము కొన్ననాడు ఇట్టి పెద్దబండ్లపై కేంద్రపు పన్నులు నూటికి 50. షోరూము ధరలో మూడవ వంతు అదియే. 2025 సెప్టెంబరు 22 నుండి దానిని 40గా చేసిరి.

అప్పు తీసికొనువారికి ఒక లెక్క చెప్పెదను. నూటికి 9 వడ్డీపై పది లక్షలు తెచ్చి, ఏడేండ్లలో తీర్చినచో నెలకు సుమారు రూ. 16,100; మొత్తము వడ్డీ మూడున్నర లక్షలు. అయిదేండ్లలో తీర్చినచో నెలకు సుమారు రూ. 20,760; వడ్డీ రెండున్నర లక్షలలోపు. నెలసరి తక్కువని పొడుగు గడువు కోరినవాడు లక్ష రూపాయలు అధికముగా చెల్లించును. మరియు పంట సొమ్ము ఏటికొకసారి వచ్చును. బ్యాంకు కిస్తు నెలనెల వచ్చును. ఈ భేదమును మరచిన యిండ్లు కష్టపడును.

2023 జనవరిలో ధర పెరిగినది. మే మాసమున మా వంతు వచ్చినది. ఇచట పెద్దలు జ్ఞాపకముంచుకొనవలసిన సంగతి ఒకటి కలదు. సంతలో ఎద్దును కొనునపుడు మీరేమి చేయుదురు? పళ్లు లెక్కింతురు, సుడులు చూతురు, నాలుగడుగులు నడిపింతురు, ఆ తరువాతనే పలుపు చేతబట్టుదురు. బండికిని అదే న్యాయము. అయినను షోరూములో పూలదండ వేసి, మిఠాయి పెట్టి, ఛాయాచిత్రము తీయుచుండగా, అన్నియు సరిగా అందినవని జనులు చూడకయే సంతకము చేయుచున్నారు. రిజిస్ట్రేషను కాకమునుపే, పగటివెలుతురులో, బండిని చూడవలెను. రిజిస్టరు అయిన వెనుక మీరు యజమానులు. మార్చి యిమ్మని అడుగుట దుర్లభము.

చాసిస్ సంఖ్యలో 17 అక్షరములు, అంకెలు ఉండును. అవి బిల్లుతో సరిపోవలెను. తయారైన నెల, సంవత్సరము చూడవలెను. చక్రములపై నాలుగంకెల గుర్తు కలదు. మొదటి రెండు వారమును, తక్కిన రెండు సంవత్సరమును తెలుపును. అదనపు చక్రముతో కూడ అయిదును పరీక్షింపుడు. రంగు, అద్దములు, దీపములు, రెండు తాళపుచెవులు చూచుకొనుడు. మాకిచ్చిన బిల్లులో మేము కోరని తివాచీలును, రంగుపై పూతలును చేరియుండెను. కోరలేదని మర్యాదగా చెప్పితిమి; తీసివేసిరి. భీమా కూడ ఫలానివారి వద్దనే తీసికొనవలెనను నిర్బంధము చట్టములో లేదు. క్రొత్త కారునకు ఎదుటివారి నష్టమునకైన భీమా మాత్రము మూడేండ్లకు తప్పనిసరి. ఈ నియమము 2018 సెప్టెంబరు 1 నుండి వచ్చినది. అమ్మకపు పత్రము ఫారము 21, బండి రోడ్డుకు తగినదను పత్రము ఫారము 22. ఈ రెండును లేనిదే రిజిస్ట్రేషను సాగదు. మా బండికి టి.ఎస్. 03 వరుసలో సంఖ్య వచ్చినది. 2024 మార్చి నుండి క్రొత్త బండ్లకు టి.జి. యని వ్రాయుచున్నారు.

భద్రకాళి అమ్మవారి గుడి ముందు పూజ చేయించి, చక్రముల క్రింద నిమ్మకాయలు పెట్టి, మా తల్లిని ముందు ఆసనమున కూర్చుండబెట్టి ఊరికి పోతిమి. ఆమె మొదట ఆ చెలక వద్దనే బండి నాపించి, దిగి గట్టుపై కొంతసేపు నిలిచెను.

ఒక్కమాట చెప్పి ముగించెదను. 2022 డిసెంబరులో గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థవారు ఈ బండిని ఢీకొట్టించి పరీక్షించి, పెద్దల రక్షణకు ఐదు నక్షత్రములును, పిల్లల రక్షణకు మూడును ఇచ్చిరి. ఆ నక్షత్రములు బెల్టు కట్టుకొన్నవారికే. పెండ్లికని, జాతరకని, ఏడుగురి బండిలో పన్నెండుగురిని ఎక్కించి, పసిబిడ్డను ముందు ఒడిలో కూర్చుండబెట్టినచో, ఎంత వెలపోసి కొన్న బండియు కాపాడలేదు. ఈ మాట పడుచువాండ్రు మా నోట వినరు. మీ నోట విందురు. దయయుంచి చెప్పుడు.