కొత్త పిస్టల్‌తో మొదటిసారి రేంజ్‌కి వెళ్లా.. ఇంటికొచ్చాక ఏం చేశానంటే

మీ ఆటోనగర్ కుర్రాడినే. వెనకాల లేత్ సౌండ్ వస్తూ ఉంటుంది, ఏమనుకోవద్దు, నాన్న పనిలో ఉన్నాడు.

స్టేటస్‌లో పిస్టల్ ఫొటో పెట్టినప్పటి నుంచి అందరూ ఒకటే అడుగుతున్నారు, "నిజమైనదేనా?" అని. కాదు. అది ఎయిర్ పిస్టల్. గ్యాస్‌తో పనిచేస్తుంది. చిన్న సీఓటూ సిలిండర్ పిడిలో పెడతాం, 4.5 ఎమ్ఎమ్ సీసం పెల్లెట్ కొడుతుంది. కానీ చూడ్డానికి అచ్చం నిజం పిస్టల్‌లాగే ఉంటుంది. అరచేతిలో ఇమిడిపోతుంది. నేను కొన్నది కూడా అందుకే.

ఎందుకు కొన్నానో చెప్తా. మాది స్పేర్ పార్ట్స్, లేత్ వర్క్. వారానికి రెండు రోజులు ఉయ్యూరు, పామర్రు, గుడివాడ వైపు మెకానిక్ షెడ్లకి సరుకు వేసి, డబ్బులు వసూలు చేసుకుని వస్తా. మొన్న వానాకాలంలో ఒక రాత్రి కాలవ గట్టు మీద ఇద్దరు బండి ఆపారు. ఒకడి చేతిలో కత్తి. 38 వేలు పోయాయి. దెబ్బలేం తగల్లేదు గానీ, ఆ తర్వాత నెల రోజులు వెనకాల బండి లైటు పడితే చాలు, గుండె దడదడలాడేది.

నిజం పిస్టల్ గురించి కూడా కనుక్కున్నా. దానికి లైసెన్స్ కావాలి, 21 ఏళ్లు నిండాలి, పోలీసు ఎంక్వైరీ ఉంటుంది. 9 ఎమ్ఎమ్ అయితే మామూలు జనానికి ఇవ్వనే ఇవ్వరు. మా ఫ్రెండ్ ఒకడు, "మామా, లేత్ మన దగ్గరే ఉంది కదా, మనమే ఒకటి చేసేద్దాం" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. కానీ 2019లో ఆయుధాల చట్టం మార్చాక, దొంగతనంగా తుపాకీ తయారు చేస్తే తక్కువలో తక్కువ 7 ఏళ్లు జైలు. జోక్‌కి కూడా ఆ మాట అనకండి.

ఎయిర్ పిస్టల్‌కి అయితే 2016 రూల్స్ ప్రకారం 4.5 ఎమ్ఎమ్ దాటకుండా, పవర్ 20 జౌల్స్ దాటకుండా ఉంటే లైసెన్స్ అక్కర్లేదు. సరే, ఇది బైక్ ట్యాంక్ కవర్‌లో పెట్టుకుంటే ఎవడైనా ఆపినప్పుడు చూపించొచ్చు కదా అనుకున్నా. అదీ నా ప్లాన్.

ముందు కొట్టడం నేర్చుకుందామని ఆదివారం ఒక రేంజ్‌కి వెళ్లా. అక్కడ పిల్లలు ప్రాక్టీస్ చేస్తున్నారు. మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ హాంగ్‌జౌ ఏషియన్ గేమ్స్‌లో 4 మెడల్స్ తెచ్చింది చూడండి, అలా అవ్వాలని వచ్చిన పిల్లలు. కోచ్ సార్ నా పిస్టల్ తీసుకుని ముందు ఖాళీగా ఉందో లేదో చూశారు. తర్వాత, "స్టీలు గుండ్లు ఉంటే బయట పెట్టు. గట్టి చోట తగిలితే వెనక్కి ఎగురుతాయి. ఇక్కడ సీసం పెల్లెట్లే" అన్నారు. కళ్లద్దాలు ఇచ్చారు.

పది మీటర్ల దూరంలో కార్డు. మధ్యలో పది పాయింట్ల చుక్క 11.5 ఎమ్ఎమ్. మన భాషలో చెప్పాలంటే 12 ఎమ్ఎమ్ డ్రిల్ బిట్ వేసే బొక్క కంటే చిన్నది. మొదటి పది కొట్టా. కార్డు మీద పడ్డవి ఆరు. చుక్క దగ్గరికి ఒక్కటీ పోలేదు. ట్రిగ్గర్ గట్టిగా ఉంది, లాగేసరికి చెయ్యి మొత్తం కదిలిపోతోంది. పైగా గబగబా కొడుతుంటే గ్యాస్ చల్లబడి ప్రెషర్ పడిపోతుంది, పెల్లెట్లు కిందకి పోతున్నాయి. సార్ తన మ్యాచ్ పిస్టల్ ఇచ్చి ఒకటి కొట్టమన్నారు. దాని ట్రిగ్గర్ అర కిలో బరువు పడితే చాలు. అప్పుడు ఎనిమిది పడింది. ఉబ్బిపోయా.

మళ్లీ నాది తీసుకున్నా. ఐదో దెబ్బకి పేలలేదు. ఇంకోసారి నొక్కా, పేలలేదు. "సార్, ఇది పేలట్లేదు" అంటూ పక్కకి తిరిగా. పిస్టల్ కూడా నాతోపాటే తిరిగింది. పక్క లేన్‌లో పన్నెండేళ్ల పాప పెల్లెట్ పెట్టుకుంటోంది. సార్ ఒక్క ఉదుటున వచ్చి నా మణికట్టు పట్టుకుని గొట్టం టార్గెట్ వైపు తిప్పేశారు. వేలు ఇంకా ట్రిగ్గర్ మీదే ఉంది. టార్గెట్ వైపు ఉండగానే సార్ నొక్కి చూశారు. టప్! పేలింది.

రేంజ్ అంతా నిశ్శబ్దం. ఆ పాప నా వైపు చూసింది, అంతే. ఆ చూపు ఇప్పటికీ పోవట్లేదు. సీసం పెల్లెటే కావచ్చు, కంట్లో పడితే కన్ను పోతుంది.

సార్ తిట్టలేదు. బయట కూర్చోబెట్టి టీ ఇచ్చి, ఎందుకు కొన్నావని అడిగారు. మొత్తం చెప్పేశా. అప్పుడు ఆయన అన్నారు: "బాబూ, వెలుగులో, ఎవరూ బెదిరించకుండా, పది మీటర్ల దూరంలో నీ చెయ్యి ఇలా ఉంది. చీకట్లో ఎలా ఉంటుంది? వాడి కత్తి నిజమైనది, నీ పిస్టల్ కాదు. నువ్వు తీస్తే వాడు అది నిజమే అనుకుంటాడు, పొడిచేస్తాడు. పోలీసులు చూసినా నిజమే అనుకుంటారు. లైసెన్స్ అక్కర్లేదంటే నడుముకి పెట్టుకుని తిరగమని కాదు. అది చూపించి బెదిరిస్తే నీ మీదే కేసు."

నా దగ్గర సమాధానం లేదు. 38 వేల కోసం మొదలుపెట్టి ఒక పాప కన్ను దాకా వచ్చా.

ఇంటికొచ్చి నాన్నకి చెప్పా. ఆయన కాసేపు ఏమీ అనలేదు. "డబ్బు పోయినరోజు నువ్వు ఇంటికొచ్చావు, నాకు అది చాలు రా" అన్నాడు. మర్నాడే మార్చేశాం. షెడ్ల వాళ్లకి షాపు క్యూఆర్ కోడ్ ఇచ్చాం. క్యాష్ ఇచ్చేవాళ్లు ఇద్దరు ముగ్గురే మిగిలారు, అది పొద్దు ఉండగానే బ్యాంకులో వేసేస్తా. కాలవ గట్టు రోడ్డు మానేశా. దడ పూర్తిగా పోలేదు, అబద్ధం చెప్పను.

పిస్టల్ అమ్మలేదు. పెట్టెలో తాళం వేసి ఉంది. ఎండలో బండి డిక్కీలో అసలు పెట్టను, మన బెజవాడ ఎండకి సిలిండర్‌లో ప్రెషర్ ఎలా పెరుగుతుందో నాకు ఇప్పుడు తెలుసు. ఆదివారాలు రేంజ్‌కే పోతుంది. మీరూ కొంటే ఇవి గుర్తుపెట్టుకోండి: ఎప్పుడూ లోడ్ అయ్యే ఉందనుకోవాలి. గొట్టం టార్గెట్ వైపే ఉండాలి. కొట్టే దాకా వేలు ట్రిగ్గర్ బయటే. పేలకపోతే తిరగొద్దు, అలాగే పట్టుకుని సార్‌ని పిలవండి. అయిపోయాక చేతులు సబ్బుతో కడుక్కోండి, సీసం అది.

పోయిన ఆదివారం ఆ పాప పక్కనే కొట్టా. నావి పదిలో తొమ్మిది కార్డు మీద పడ్డాయి. తను నవ్వి, "అంకుల్, ఈసారి తిరగలేదు" అంది. నాకు ఇరవై నాలుగే, అంకుల్ ఏంటో మరి. ఉంటా, నాన్న పిలుస్తున్నాడు.